ఎడమవైపు పెట్టని మైకు

మాది పాత్రల అంగడి. కర్నూలు పాత ఊళ్ళో మా తాత పెట్టింది. ఇత్తడి బిందెను వేలితో కొట్టి, చేత్తో ఎత్తి చూసిగానీ మా ఇంట్లో ఎవరూ దేన్నీ నమ్మరు. కొడితే ఖంగుమని పలకాలి, ఎత్తితే చేతికి బరువు తెలియాలి. మొద్దుగా పలికిందంటే ఎక్కడో అతుకుంది. తేలిగ్గా ఉందంటే రేకు పలచన. ఈ రెండు పరీక్షలూ నెగ్గని వస్తువును మేము వస్తువనుకోం. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబును కూడా నేను వేలితో కొట్టి చూశానట. నాకు గుర్తులేదు. ఆమెకు మాత్రం బాగా గుర్తుంది.

అంగడి తర్వాత నాకున్నది మృదంగం. మా అక్క మొగుడు, అంటే మా బావ, భజన పాటలు పాడతాడు. ఆయన పాడితే నేను వాయించాలి. ఇరవై ఏళ్ళకు పైగా అట్లే జరిగింది. ప్రతి శివరాత్రికీ శ్రీశైలంలో ఒక సత్రం వసారాలో మా భజన ఉండేది. నల్లమల అడవి దాటి నడిచి వచ్చినవాళ్ళు అరికాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చుని వింటారు. వాళ్ళు మెచ్చుకుంటే ఏడాదంతా అంగట్లో కూర్చున్న విసుగు పోయేది. మా ఆవిడకు ఈ మాట చెప్పలేదు కానీ, ఆ వసారాలో బావ కుడిచేతి పక్కన నేను కూర్చునే చోటు నాకు అంగడి గల్లా కంటే ఎక్కువ.

కర్నూలుకు వరద వచ్చిన దానికి ముందు ఏడాది బావ కాపురం కడపకు మార్చాడు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో ఐదు గంటలు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత మోకాలు నొప్పి అన్నాడు. మోకాలు నొప్పి ఉన్న మనిషి రోజూ కడపలో మేడ మీది గదికి ఎట్లా ఎక్కుతున్నాడని నేను అక్కను అడిగాను. అక్క ఫోను పెట్టేసింది.

నా ఎడమ చేతి సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే తర్వాత నేను చేసిందేదీ మీకు అర్థం కాదు. ఆ ఏడాది నుంచి ఆ చేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. పొద్దున లేస్తే అవి నావి కానట్టు ఉండేవి. మృదంగానికి కుడివైపు గలగలమని మాట్లాడేది, ఎడమవైపు గంభీరంగా పలికేది. ఆ ఎడమవైపు చర్మం మీద రవ్వ ముద్ద అంటిస్తాం, దానితోనే ఆ నిండు నాదం వస్తుంది. నా ఎడమచేతి దెబ్బ అక్కడక్కడా తప్పిపోతోంది. నాకు తెలుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. శివరాత్రికి ఆ చోటు పోతుందేమోనన్నదే నా భయం.

ఇట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున బావ ఫోను చేశాడు.

"కంప్యూటర్లో కలిసి వాయించుకుందామురా. నువ్వాడ, నేనీడ. పక్కపక్కన కూర్చున్నట్టే ఉంటాదంట."

"ఎవరు చెప్పినారు బావా?"

"మా వీధిలో బ్యాంకులో పనిచేసే ఆయనొకాయన ఉండాడు. శానా తెలిసినాయన. మృదంగం గూడా వాయిస్తాడు."

చివరి మాట ఆయన మామూలుగానే అన్నాడు. నాకే మామూలుగా వినిపించలేదు. పక్కనే మృదంగం వాయించేవాడు ఉండగా, ఇంత దూరం నుంచి తీగల మీద నన్ను పిలవడం ఎందుకు? నా చెయ్యి ఎట్లా ఉందో దూరం నుంచి కనుక్కుని, ఆ పైన బ్యాంకాయనను కూర్చోబెట్టడానికేనా? అక్క నా చేతిని ఎప్పుడైనా గమనించిందా? పోయిన పండక్కి వచ్చినప్పుడు కాఫీ లోటా జారితే ఆమె చూసింది. ఆలోచించినకొద్దీ అంతా అమరినట్టే కనిపించింది. సరే కానిమ్మని ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే అనుమానం ఆయనకు వస్తుంది మరి.

ముందు కంప్యూటరు కొనాలి. అంతకుముందు కంప్యూటరును నేను బ్యాంకు గాజుపలక వెనకే చూశాను. అంగడివాడు నాలుగు డబ్బాలు వరసగా పెట్టాడు. నేను ఒక్కొక్కదాన్నీ వేలితో కొట్టాను. ఒక్కటీ సరిగ్గా పలకలేదు. పక్క మూత తీయమన్నాను. తీశాడు. లోపల అడుగున ఒక పచ్చటి అట్ట, రెండు పెట్టెలు, నాలుగు తీగలు. మిగతా ముప్పాతిక భాగం ఖాళీ.

"ఏమప్పా, గాలిని అమ్ముతాండావా?" అన్నాను.

"గాలి ఆడకపోతే వేడెక్కి కాలిపోతాదన్నా."

"పలచటి బిందె అమ్మేటోడు గూడా ఇట్లనే చెప్తాడు. తేలిగ్గా ఉంటే మోసేదానికి బాగుంటాదని."

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంకో మూడు అంగళ్ళు తిరిగి, మూడు చోట్లా మూతలు తీయించాను. అన్నింట్లోనూ గాలే ఉంది. ఊరంతా ఒక్కమాట మీద ఉన్నారనుకుని, చివరికి అన్నింటికంటే బరువైన డబ్బానే తీసుకున్నాను. చెవులకు పెట్టుకునేదీ, మైకూ కూడా చేతిలో తూచి చూసుకుని బరువైనవే ఏరుకున్నాను. హెడ్‌ఫోను అయితే తల మీద పెట్టుకుంటే మెడ వంగేంత ఉంది. కొంటే ఇట్లాంటిదే కొనాలని ఇంటికి వస్తూ దారంతా నన్ను నేను మెచ్చుకున్నాను.

మా అంగడికి రెండు అంగళ్ళ అవతల భాయ్ ఉండేవాడు. మైకుసెట్లు బాడుగకిచ్చే మనిషి. పెళ్ళయినా, ఉర్సయినా, వినాయకుని ఊరేగింపయినా ఊళ్ళో ఆయన హారన్లే మోగాలి. నా వయసువాడే. చిన్నప్పటి నుంచి ఒకరినొకరం ఎరుగుదుం కాబట్టి ఆయన మీద నాకు అనుమానం కొంచెం తక్కువ. సామానంతా ఆయన బల్ల మీద పరిచి, గొప్పగా హెడ్‌ఫోను చేతికిచ్చాను.

భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. స్క్రూ తీసి చెవి డొప్ప విప్పాడు. లోపల అర్ధరూపాయంత ఇనుప బిళ్ళ జిగురుతో అంటించి ఉంది. దాన్ని ఏ తీగా ముట్టుకోలేదు. రెండో డొప్ప విప్పితే అక్కడా ఒకటి.

"ఈ బిళ్ళ ఏం పని చేస్తాది భాయ్?"

"నీలాంటోళ్ళ కాడ పని చేస్తాది శెట్టీ," అన్నాడు భాయ్.

మైకు కాడలో కూడా ఒక ఇనుప ముక్క దొరికింది. మూడింటినీ బల్ల మీద పేర్చి, భాయ్ నా వైపు చూడకుండా బీడీ ముట్టించుకున్నాడు. నేను కొట్టి, ఎత్తి చూస్తానని తెలిసే ఎవడో ఎక్కడో దూరదేశంలో కూర్చుని ఆ బిళ్ళలు పెట్టినట్టు నాకనిపించింది. ఇనుము ఇచ్చి మా ఇంటి పరీక్షను కొనేశారు. హెడ్‌ఫోను పోయినదానికంటే ఆ సంగతే ఎక్కువ కాలం బాధపెట్టింది.

ఆ తర్వాత వస్తువులన్నీ భాయే ఏరాడు. ఈకలాగా తేలిగ్గా ఉండి చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను తెచ్చాడు. స్పీకర్లు పెడితే బావ గొంతు మళ్ళీ మైకులోకి దూరి గీపెడుతుందట. కంప్యూటరుకే ఉన్న చిల్లులో మైకు గుచ్చితే లాభం లేదని, బయట పెట్టుకునే చిన్న సౌండు డబ్బా ఒకటి కావాలన్నాడు. మైకు గుచ్చడానికి దానికి రెండు చిల్లులున్నాయి. ఇంటర్నెట్టు గాలిలో కాదు, మోడెం నుంచి కంప్యూటరు దాకా తీగ ఉండాలన్నాడు. గాలి వద్దన్న మొదటి మనిషి కాబట్టి ఆ మాట నాకు వెంటనే నచ్చింది.

"మైకులు రెండు తీసుకో. కుడి పక్కకొకటి, ఎడమ పక్కకొకటి," అన్నాడు.

"ఒకటి చాలు."

"రెండు పక్కలా మోగేదానికి ఒక మైకు యాడ సరిపోతాది?"

"కుడివైపు పెడతాలే. ఎడమది ఎట్లాగూ వినబడతాది."

నేను అవసరమైన దానికంటే గట్టిగా అన్నానేమో. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే ఎడమచేతిని లుంగీ మడతలోకి దాచుకున్నాను కూడా. భాయ్ నా మొహం వంక ఒకసారి చూసి, రెండో మైకును బీరువాలో పెట్టేశాడు. ఊరందరి మోసాలనూ వెతుకుతూ వచ్చినవాణ్ణి, ఆ కొత్త సామాన్లలో మొదటి మోసం నేనే చేశానన్నది నాకు బాగా తెలుసు.

మొదటి ఆదివారం కంప్యూటరులో మాట్లాడుకునే ప్రోగ్రాం ఒకటి తెరిచి కూర్చున్నాం. బావ మొహం మసకమసకగా కనిపించింది. ఆయన పాట ఎత్తుకున్నాడు. నేను వాయించాను. నాలుగు చరణాలు అయ్యాక ఆపి, "ఏంరా, వాయించవేమి?" అన్నాడు.

"ఇంతసేపూ వాయిస్తానే ఉండా కదా బావా!"

"నీ మాట వినబడతాంది. మృదంగం వినబడలేదు. తొలి దెబ్బ టక్కుమన్నాది, ఆ ఎనక ఏమీ లేదు."

వినబడి కూడా వినబడలేదంటున్నాడా అని నాకు తోచింది. ఇది బ్యాంకాయన నేర్పిన పాఠమేమో. మంగళవారం భాయ్ వచ్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "శెట్టీ, ఇది మాటల కోసరం చేసిన ప్రోగ్రాం. మాట కానిదంతా గలాటా అనుకుని తుడిచేస్తాది. నీ వాయింపు దీనికి గలాటా."

వంటింట్లోంచి మా ఆవిడ, "నేను మొదటి నుంచి అదే చెప్తాండా," అంది.

అప్పుడు బ్యాంకాయన ఇంకో ప్రోగ్రాం పంపాడు. వాద్యాలవాళ్ళు దూరదూరంగా కూర్చుని వాయించుకోవడానికని ఎవరో చేసి ఊరికే పంచిపెడుతున్నారట. పాటను పాటలాగే పంపుతుందట, దేన్నీ తుడవదట. ఊరికే ఎందుకు ఇస్తారని నేను అడిగాను. బావకు తెలియదు. భాయ్‌కి తెలియదు. ఊరికే అన్నం పెట్టేవాళ్ళు కూడా ఉంటారు కదా అన్నాడు బావ. వాళ్ళకైతే పుణ్యం వస్తుంది, వీళ్ళకేం వస్తుందని నేనన్నాను. ప్రోగ్రాం మాత్రం పనిచేసింది. మృదంగం కడపలో వినబడింది. బావ గొంతు మా ఇంటి మూలగదిలో, నా చెవుల మధ్యన పలికింది. ఆ మొదటి నిమిషం మాత్రం నేను ఎవరినీ అనుమానించలేదు. కళ్ళు మూసుకుంటే బావ నా పక్కనే ఉన్నాడు.

రెండో నిమిషం నుంచి పాట నడక తగ్గడం మొదలైంది.

మొదట నాకు తెలియలేదు. ఎత్తుకున్నప్పుడు చురుగ్గా ఉన్న పాట, మూడో చరణానికి వచ్చేసరికి ఏటవాలు ఎక్కుతున్న బండిలాగా ఈడ్చుకుంటోంది. చివరికి తాళం వేస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య తుమ్మి మళ్ళీ సర్దుకోవచ్చు. ఇంకో పాట ఎత్తుకున్నాం. అదీ అంతే.

"ఎందుకురా లాగుతాండావు?" అన్నాడు బావ.

"నేనా? నువ్వు కదా లాగుతాండేది!"

"నీ దెబ్బ వచ్చేదాకా నేను కాచుకోనుండాల్సి వస్తాంది."

"నీ మాట వచ్చేదాకా నేను కాచుకోనుండా బావా!"

ఇరవై ఏళ్ళలో మాకు నడక గురించి గొడవ రాలేదు. మా భజనలో పద్ధతి ఒకటుంది. పాడేవాడి పెదవి చూసి వాయించేవాడు కొట్టాలి, వాయించేవాడి చెయ్యి చూసి పాడేవాడు అందుకోవాలి. ఒకరికంటే ఒకరు ముందు పోకూడదు. ముందు పోయినవాడు పొగరుబోతు అని మాకు నేర్పారు. కాబట్టి ఇద్దరం పొగరు లేకుండా ఒకరి కోసం ఒకరం కాచుకుంటూ, ఆదివారం తర్వాత ఆదివారం పాటను నిద్రపుచ్చాం.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో హెడ్‌ఫోనులో ఒక దగ్గు వినబడింది. బావ దగ్గు నాకు తెలుసు. అది బావది కాదు.

"ఎవరు బావా అది?"

"బ్యాంకాయన. వైరు లూజయిందని సూస్తాండాడు."

వైరు చూసేవాడు గంటసేపు కూర్చుని దగ్గుతాడా? ఆ రోజంతా నా చేతులు సరిగ్గా ఆడలేదు. ప్రతి దెబ్బనూ ఆ మనిషి అక్కడ కూర్చుని ఎంచుతున్నట్టే అనిపించింది. పైగా చివర్లో బావ మెల్లగా, "ఎడమ పక్క వినబడలేదురా. బాగానే వాయిస్తాండావా?" అని అడిగాడు.

"మైకు అంతే బావా. ఎడమదాన్ని లాక్కోదు. మంచి మైకు దొరకలేదు ఈడ."

ఆడలేక మద్దెల ఓడు అంటారు. మద్దెల వాయించేవాడు ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? నేను మైకు మీదికి తోసేశాను. బావ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానమే అయింది. తెలిసిపోయింది కాబట్టే అడగలేదనుకున్నాను.

ఆ మరుసటి వారం ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. "నీకు వాయించే మనసు లేకపోతే చెప్పు," అన్నాడు బావ. "నీ మనసులో వేరే ఎవరైనా ఉంటే నువ్వు చెప్పు," అన్నాను నేను. చెప్పుకుంటే సిగ్గుచేటు, మొగుడూ పెళ్ళాల మాటల్లాగా ఉన్నాయి. ఇద్దరమూ ఒకేసారి తీగలు పీకేశాం. శివరాత్రికి ఇంక నెలన్నరే ఉంది.

రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, నేను పోయి భాయ్‌తో మొరపెట్టుకున్నాను. ఆయన అప్పుడు ఒక హారన్‌కు తీగ అతుకుతున్నాడు. అంతా విని, "మీ ఇద్దర్లో ఎవరూ లాగలేదు శెట్టీ," అన్నాడు.

"మరి?"

"ఊరేగింపులో ముందర నువ్వు దరువేస్తావు. ఎనక ఆ కొసన ఉండేటోళ్ళకు అది రవ్వంత లేటుగా పోతాది. వాళ్ళు లేటుగా చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నీకాడికి వచ్చేసరికి ఇంకా లేటు. ఆ చప్పట్ల కోసం నువ్వు నిదానించినావనుకో, వాళ్ళు ఇంకా నిదానిస్తారు. ఆ ఊరేగింపు మా మసీదు దాటి మీ గుడి కాడికి ఎప్పుడన్నా చేరుతాదా? కర్నూలుకూ కడపకూ మధ్యన గూడా అంతే. ఎంత మంచి డబ్బా కొన్నా కొంచెం లేటు ఉండనే ఉంటాది."

"అయితే ఏం చేయాల?"

"ఒకరు కాచుకోకుండా పోవాల. నువ్వు వాయిస్తానే పో. ఆయన నీ ఎనకాల వస్తాడు. ఆయన వచ్చినాడా లేదా అని నువ్వు వినొద్దు."

"వినకుండా ఎట్ల తెలుస్తాది, వచ్చినాడని?"

"భరోసా శెట్టీ," అన్నాడు భాయ్. "దానికి మాత్రం నా కాడ డబ్బా లేదు."

ఆ మాట మింగుడు పడటానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎత్తి చూడకుండా చెంబు కొనని మనిషిని, వినకుండా వాయించమంటే ఎట్లా? పైగా మా పద్ధతిలో అది పొగరు. అయినా బావకు నేనే ఫోను చేశాను. ఇట్లా భాయ్ చెప్తున్నాడు అన్నాను. బావ, "సరే, నువ్వు ముందు పో. నేను పట్టుకుంటా," అన్నాడు.

ఆ ఆదివారం సౌండు డబ్బా మీద హెడ్‌ఫోను మరను నేను సున్నా దాకా తిప్పేశాను. తగ్గించడం కాదు, పూర్తిగా తీసేశాను. కొంచెం వినబడినా నేను ఆగుతానని నాకు తెలుసు. చెవుల్లో నా ఊపిరి తప్ప ఏమీ లేదు. తెర మీద బావ పెదవులు కదులుతుంటే చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మనసులో పాట పాడుకుంటూ మొదటి నుంచి చివరి దాకా వాయించాను. చెరువులో చీకట్లో ఈదుతున్నట్టుంది. మధ్యలో రెండుసార్లు బావ లేడేమో, కరెంటు పోయిందేమో, బ్యాంకాయనా ఆయనా కలిసి నవ్వుకుంటున్నారేమో అనుకున్నాను. అయినా ఆగలేదు. ముగింపు కొట్టి, మర పెంచాను.

"కలిసిందిరా," అన్నాడు బావ. "ఎక్కడా జారలేదు. పాతరోజుల మాదిరి ఉండాది."

నాకు ఏడుపొచ్చింది. నా చెయ్యి బాగుందన్నమాట. ఇన్నాళ్ళూ తప్పు తీగదే అన్నమాట. ఆ పూట మా ఆవిడ మొహం చూసి ఏమైందని అడిగింది. శివరాత్రికి శ్రీశైలం పోతున్నాం, ఇప్పుడే సంచి సర్దమన్నాను. ఆ తర్వాతి ఆదివారాలన్నీ అట్లాగే వాయించాను. బావతో కలిసి వాయిస్తున్నానని మురిసిపోతూ, ఆయన పాట ఒక్క ముక్క కూడా వినకుండా. ఎడమవైపు మైకు అప్పటికీ పెట్టలేదు.

శివరాత్రి నాటి ఉదయం సత్రం వసారాలో చాపలు పరిచారు. ఆత్మకూరు దారిన నడిచి వచ్చినవాళ్ళు స్తంభాలకు ఆనుకుని కూర్చున్నారు. బావ కడప నుంచి వచ్చాడు, కర్ర పట్టుకుని కుంటుతూ. మోకాలు నిజంగానే వాచి ఉంది. వెంట బ్యాంకాయన కూడా ఉన్నాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఖంజిర తెచ్చుకున్నాడు. నాకు నమస్కారం పెట్టి, "మీ గురించి ఆయన రోజూ చెప్తారండీ," అన్నాడు. ఏం చెప్తాడో అనుకున్నాను. నా చోట్లో నేను కూర్చున్నాను.

మొదటి పాట బాగా సాగింది. రెండో పాట మూడో చరణంలో నడక తగ్గింది.

నేను తగ్గలేదు. అది నాకు రూఢిగా తెలుసు. వినకుండా వాయించడం నెల రోజులుగా అలవాటు చేసుకున్నవాణ్ణి, నా నడక నా లోపల గట్టిగా ఉంది. కానీ ఇక్కడ బావ గొంతు మూర దూరంలో ఉంది. అది వెనక్కి లాగుతోంది. మూర దూరంలో పాట ఆలస్యంగా చేరడానికి ఏముంది? తల ఎత్తి చూశాను. బావ కళ్ళు నా ఎడమచేతి మీద ఉన్నాయి. జ్వరమొచ్చిన బిడ్డ అన్నం ముద్ద మింగుతాడా లేదా అని చూసే చూపు అది. నా వేళ్ళు తప్పిన చోటల్లా ఆయన పదాన్ని కొంచెం సాగదీస్తున్నాడు, మళ్ళీ దెబ్బ పడేదాకా నాకు వీలిస్తున్నాడు. ఎవరికీ తెలియకుండా చేస్తున్నానని ఆయన అనుకుంటున్నాడు.

కడప నుంచి పాడినప్పుడు కూడా ఇట్లాగే చేశాడా? మొదటి ఆదివారాల్లో ఆ ఈడ్పులో తీగది ఎంత, బావది ఎంత? కుడివైపు మైకులోంచే ఆయనకు అంతా తెలిసిపోయిందా? అన్ని నెలలుగా నేను ఆయన మీద పెట్టుకున్న అనుమానాల్లో ఒక్కటి నిజమయింది. నడక తగ్గించింది ఆయనే. ఎందుకన్నది మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా అనుమానించలేకపోయాను. నాకు చచ్చేంత సిగ్గేసింది.

పాట ముగిసింది. నేను మృదంగాన్ని ఒడిలోంచి తీసి బ్యాంకాయన ముందుకు జరిపాను.

"నువ్వు అందుకో అప్పా," అన్నాను.

ఆయన బిత్తరపోయి బావ వైపు చూశాడు. నేనూ బావ వైపే చూశాను. వద్దురా అంటాడని చూశాను. ఆ ఒక్క మాట అంటే మళ్ళీ లాక్కుని వాయించి ఉండేవాణ్ణి. ఆయన చెయ్యి చాపి నా ఎడమచేతిని పట్టుకుని, ఆ రెండు వేళ్ళనూ ఒకసారి ఒత్తి, వదిలేశాడు. వద్దనలేదు.

తర్వాతి పాట ఎత్తుకున్నాడు. మేమిద్దరం వయసులో ఉన్నప్పుడు పాడుకున్న వేగంలో ఎత్తుకున్నాడు. నేను తాళాలు తీసుకుని, బావ గొంతు వింటూ వేశాను.